తక్కువ డబ్బులో దూరపు గురి: ఒంగోల్లో ఒకడికి, డాలస్‌లో ఒకడికి

ఏప్రిల్లో, ఎండలు ముదిరిన వారంలో, ఇద్దరు కుర్రాళ్ళు నన్ను ఒకే మాట అడిగారు. ఒకడు ఒంగోల్లో మా వీధి చివరింటి అబ్బాయి. వాళ్ళ నాన్నకి చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. రెండోవాడు మా అక్క కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. దూరపు గురి నేర్చుకోవాలని ఉంది, ఎక్కువ ఖర్చు పెట్టలేం, ఏ రైఫిల్ కొనాలి, ఏ కాలిబర్, అంటే ఏ సైజు తూటాది, తీసుకోవాలి? ఇద్దరూ వీడియోలు చూసే వచ్చారు. ఇద్దరి నోటా 6.5 క్రీడ్‌మూర్ అన్న తూటా పేరే.

నన్నెందుకు అడిగారంటే, ఈ చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాడిని నేనొక్కణ్ణే కాబట్టి. నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో నా చేతికి పాయింట్ టూటూ (.22) రైఫిల్ ఇచ్చి ఐదు తూటాలు కాల్చమన్నారు. నాలుగు అట్ట మీద పడ్డాయి, ఐదోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆ ఐదోదాని కోసమే ముప్పై ఏళ్ళుగా సెలవు దొరికితే చెన్నై రేంజికి, ట్రాన్స్‌ఫర్ మీద ఉన్నన్నాళ్ళు హైదరాబాద్ రేంజికి తిరిగాను. పతకాలేం రాలేదు. తప్పుడు బేరాలు మాత్రం చాలా చేశాను. ఆ లెక్కన సలహా చెప్పే అర్హత ఉందనుకుంటున్నా.

ఇద్దరికీ నేను వేసిన మొదటి ప్రశ్న ఒకటే: నెలకు ఎన్ని తూటాలు కాల్చగలవు, ఎక్కడ కాల్చగలవు? కాలిబర్ సంగతి ఆ తర్వాత. ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ముందు దూరం సంగతి

వీడియోల్లో వెయ్యి గజాలంటారు. మన కుర్రాడు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అనగానే నవ్వాడు. "పది మీటర్లేంది అంకుల్, మా హాలంత లేదు!" అన్నాడు. టార్గెట్ కాగితం తెచ్చి చూపించాను. ఆ కాగితం మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పెన్నుతో పొడిచినా అంతకన్నా పెద్ద మచ్చ పడుతుంది. పోటీలో అలాంటివి 60 కొట్టాలి, 75 నిమిషాల్లో. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చిందీ ఈ పది మీటర్లలోనే.

ఇంకో చిన్న లెక్క చూడండి. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్లో పది వలయం 10.4 మిల్లీమీటర్లు. 300 మీటర్ల టార్గెట్లో అదే వలయం 10 సెంటీమీటర్లు. దూరం ఆరు రెట్లయితే వలయం దాదాపు పది రెట్లయింది. అంటే 50 మీటర్ల దగ్గర పది కొట్టడానికి కావాల్సిన సూటిదనం 300 మీటర్ల దగ్గర కన్నా ఎక్కువ. 300 దగ్గర కొత్తగా వచ్చిపడేది గాలి, తూటా కిందికి దిగడం, భుజం మీద తన్ను. 50 మీటర్లలో చెయ్యి కుదరనివాడికి ఈ మూడూ తెచ్చి నెత్తిన పెడితే ఏం లాభం?

మన దగ్గర కాలిబర్‌ని ఎంచేది చట్టమే

అమెరికా వీడియోలు చూసేవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. అక్కడ .308 విన్చెస్టర్ కొను, 6.5 కొను అని చెబుతారు. మన దేశంలో సైన్యం వాడే 7.62 మిల్లీమీటర్లు, .303 లాంటివి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధం ఉన్న సైజు. మామూలు మనిషికి ఇవ్వరు. .308కి 7.62 అన్నదమ్ముల వరస. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 6.5 క్రీడ్‌మూర్ తెప్పించుకోవాలంటే దిగుమతి. దిగుమతి అవకాశం నిర్ణీత స్కోర్లు కొట్టి గుర్తింపు తెచ్చుకున్న షూటర్లకే, అది కూడా వాళ్ళు ఆడే పోటీల ఆయుధాలకు. మన వీధి కుర్రాడికి కాదు.

ఇక మనకు మిగిలేవి నాలుగు: .177 ఎయిర్ రైఫిల్, .22, .315, .30-06. ఈ అంకెలు ఇంచుమించు బారెల్ లోపలి వెడల్పు (బోర్), అంగుళాల్లో.

1959 నాటి ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ ఉంది. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులోనో అసోసియేషన్లోనో సభ్యుడైనవాడు టార్గెట్ ప్రాక్టీసు కోసం .22 రైఫిల్ గానీ ఎయిర్ రైఫిల్ గానీ అడిగితే లైసెన్సు ఇవ్వాలని అందులో విడిగా రాశారు. పెద్ద బోర్ రైఫిల్‌కైతే నీకు ఎందుకు అవసరమో నువ్వే ఒప్పించుకోవాలి. ప్రాణభయం ఉందంటావా, ఏమంటావా, అదంతా నీ తిప్పలు. ఈ ఒక్క తేడా చాలు, డబ్బు సంగతి ఎత్తకముందే .22 ముందుకొచ్చేస్తుంది.

లైసెన్సు వయసు 21 నిండాలి. ఫారం ఏ-1 దరఖాస్తు, ఆయుధం జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్, పోలీసు విచారణ, కలెక్టరేట్ చుట్టూ ప్రదక్షిణ. వచ్చాక అయిదేళ్ళు చెల్లుతుంది. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు ఆయుధాలే, అంతకుముందు మూడు ఉండేవి. పోటీల షూటర్లకు వేరే మినహాయింపులున్నాయి. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాస్తారు. ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమని కబురొస్తుంది. మన జిల్లాల్లో పంచాయతీ, మున్సిపాలిటీ, అసెంబ్లీ అంటూ ఎన్నికలు ఎన్నిసార్లు వస్తాయో మీకు తెలుసు. పోటీలకు వెళ్ళే షూటరైతే ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

ఎయిర్ రైఫిల్: స్ప్రింగా, పీసీపీనా

బోర్ .177 దాటకుండా, శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు కార్డు అడిగి రాసుకుంటారు, ఇచ్చేయండి. కొందరు డీలర్లు "ఇది ఇరవై దాటుతుంది సార్, ఎవరు చూస్తారు" అని గొప్పగా చెబుతారు. అలాంటిది కొంటే లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో పెట్టుకున్నట్టే. అసలు అంత శక్తి ఎందుకు? అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే చాలు, ఒలింపిక్స్ ఆ వేగంతోనే జరుగుతాయి.

చవకలో దొరికేది స్ప్రింగు రైఫిల్. బారెల్ విరిచి స్ప్రింగు బిగించి పెల్లెట్ పెట్టడమే. పంపు, సిలిండరు ఏమీ అక్కర్లేదు. దీనితో చిక్కు ఏమిటంటే, ట్రిగ్గర్ నొక్కాక లోపల పిస్టన్ ముందుకు ఉరుకుతుంది, రైఫిల్ వెనక్కి కదిలి మళ్ళీ ముందుకు కుదుపు తింటుంది, పెల్లెట్ ఇంకా బారెల్లోనే ఉంటుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. అరచేతిలో తమలపాకు మీద ఉంచినట్టు వదులుగా పట్టుకోవాలి. నాకు ఇది అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. అన్నాళ్ళూ రైఫిల్‌నే తిట్టుకున్నాను.

పీసీపీలో గాలి ముందే నింపి ఉంటుంది, సుమారు 200 బార్ల ఒత్తిడితో. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర, దాంతో పోల్చుకోండి. కుదుపు లేదు, కాల్చడం హాయి. కానీ గాలి నింపడానికి చేతి పంపో స్కూబా సిలిండరో కావాలి. చేతి పంపుతో 200 బార్లు నింపడమంటే బావిలో నీళ్ళు తోడినంత పని. సీళ్ళు అరిగితే గాలి జారిపోతుంది, బాగుచేసేవాడు ఒంగోల్లో దొరకడు. దేశంలో ప్రీసిహోల్ లాంటి కంపెనీలు రెండు రకాలూ చేస్తున్నాయి.

నేను చెప్పేది: ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవాడికి స్ప్రింగు చాలు. అది పట్టు నేర్పిస్తుంది. క్లబ్బుకి వెళ్ళి పోటీల్లో దిగాలనుకునేవాడు స్ప్రింగు మీద డబ్బు పెట్టకుండా, మొదట క్లబ్బు రైఫిల్ వాడుతూ, ఆగి ఆగి పీసీపీ మ్యాచ్ (పోటీ) రైఫిల్ కొనుక్కోవాలి. మధ్యలో ఉండే రకం, అంటే స్కోపు (గురి చూసే దుర్భిణి) తగిలించి వేట తుపాకీలా కనిపించేది, ఎవరికీ పనికిరాదు. అమ్ముడుపోయేది మాత్రం అదే.

పెల్లెట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కాగితానికి గుండ్రంగా చిల్లు కోసే చదును తల పెల్లెట్లు పది మీటర్లకు, గుండ్రటి తలవి పాతిక మీటర్లు దాటితే. నాలుగు రకాలు చిన్న డబ్బాల్లో తెచ్చి, కాగితం మీద ఐదేసి కాల్చి చూస్తే ఏది గుంపుగా పడుతుందో మీ రైఫిలే చెబుతుంది. పక్కవాడి రైఫిల్‌కి నచ్చింది మీదానికి నచ్చాలని లేదు.

పాయింట్ టూటూ

.22 లాంగ్ రైఫిల్ 1887 నాటి తూటా. ఇంత పాతది ఇంకా ఒలింపిక్స్‌లో ఉందంటే దాని చవక, దాని నిదానం కారణం. తన్ను లేదు, మోత తక్కువ, బారెల్ వేలకు వేల తూటాలు తట్టుకుంటుంది. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కంచు పతకం 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (పడుకుని, నిలబడి, మోకాలి మీద కాల్చే పోటీ) .22తోనే.

దూరపు గురి నేర్పడానికి ఇది గట్టి గురువు. 50 మీటర్లకు జీరో చేసుకుని, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేసుకుని, 100 మీటర్ల దగ్గర కాలిస్తే తూటా దాదాపు జానెడు కిందికి దిగుతుంది. 200 మీటర్లకు పోయేసరికి ఒకటిన్నర మీటరు పైనే. పెద్ద కాలిబర్‌తో చాలా దూరం పోతే గానీ కనిపించని దిగుడు ఇక్కడ అతి తక్కువ దూరంలోనే కళ్ళముందుకొస్తుంది. గాలి అయితే సరేసరి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే 50 మీటర్లకే తూటా రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. పది కొట్టాల్సినవాడు ఏడుకో ఎనిమిదికో పడతాడు.

గాలి గురించి మన తీరం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తపట్నం బీచిలోనో మైపాడులోనో మధ్యాహ్నం నిలబడితే సముద్రం మీది గాలి చొక్కా లాగేస్తుంది. అదే వేసవిలో పొద్దున పదింటికి పడమటి నుంచి వడగాలి కొడుతూ ఉంటుంది. ఈ రెండూ మారే గంట ఒకటుంటుంది, ఆకులు కాసేపు కదలవు, తర్వాత ఎటు నుంచి వస్తుందో తెలియదు. చెన్నై రేంజిలో నాకు దెబ్బ పడ్డది ఆ గంటలోనే. జెండాలు ఎడమకి ఊగుతుంటే దానికి తగ్గట్టు గురి జరుపుకున్నాను, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కేలోపు జెండా పడిపోయింది. గాలి ఆగిపోయినప్పుడు ఎంత తప్పు జరుగుతుందో, వీచినప్పుడు అంత జరగదు. అప్పటి నుంచి తెల్లవారుజామునే రేంజికి పోతాను, తూటాల ఖర్చు మిగులుతుంది.

సొంతానికి .22 కొనాలా అంటే, మొదటి ఏడాది వద్దు. క్లబ్బులో అన్షుట్జ్, వాల్తర్ లాంటి జర్మన్ రైఫిళ్ళు ఉంటాయి. తూటా ఖర్చు పెట్టుకుని అవి వాడితే చాలు. ఒంగోలు నుంచి చెన్నైకి దాదాపు 300 కిలోమీటర్లు, నెల్లూరు వాళ్ళకు 175. నెలకు రెండుసార్లు పోయిరావడం కుదురుతుందా అనేదే మీ అసలు బడ్జెట్. రైలు టికెట్టు, ఒక పూట లాడ్జి, రెండు పెట్టెల తూటాలు. ఏడాదంతా ఇది ఆగకుండా నడిస్తే, అప్పుడు లైసెన్సుకి పెట్టండి.

.315, .30-06: నా మాట విని వదిలెయ్యండి

తాతల కాలం బీరువాల్లో కనిపించేది .315. దీని పుట్టుక విచిత్రంగా ఉంటుంది. తెల్లవాళ్ళ ఏలుబడిలో సైన్యం తూటా .303 జనం చేతిలోకి పోకూడదని, దానికి సరిపడని ఆస్ట్రియా మాన్‌లిషర్ తూటాను పట్టుకొచ్చి, లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్‌కి దాన్ని అమర్చారు. 244 గ్రెయిన్ల (దాదాపు 16 గ్రాముల) బరువు గుండు, మొద్దు ముక్కు. అడవిలో వంద మీటర్లకు చేసిన సరుకు. దూరం పోయేకొద్దీ గాలిని చీల్చలేక వేగం పోగొట్టుకుంటుంది. స్కోపు బిగించడానికి తిన్నగా చోటు లేదు. దూరపు గురికి దీన్ని కొనడమంటే రేసుకి ఎడ్లబండి కట్టడమే. ఒంగోలు గిత్తలు కట్టినా సరే.

.30-06 వేరు. 1906 నాటి అమెరికా సైన్యం తూటా. సూటి ముక్కు గుండు పెడితే 300 మీటర్లే కాదు, ఇంకా దూరం కూడా బాగా పోతుంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన స్పోర్టింగ్ రైఫిల్ మనకు లైసెన్సు మీద దొరుకుతుంది. కాగితం మీద చూస్తే మన కుర్రాడి ప్రశ్నకు ఇదే జవాబు. కానీ దాన్ని ఎక్కడ కాలుస్తాడు? 300 మీటర్ల బిగ్ బోర్ పోటీలు జరిగేది ఎక్కడో మధ్యప్రదేశ్‌లో, మౌలోని ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ లాంటి చోట్ల. మనకు దగ్గర్లో లేదు. పైగా తన్ను. కొత్తవాడు పది తూటాలు కాల్చాక పదకొండోదానికి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగుతాడు. ఆ అలవాటు ఒకసారి పడిందా, పోగొట్టడానికి మళ్ళీ ఎయిర్ రైఫిల్ దగ్గరికే రావాలి.

మన కుర్రాడు ఇక్కడో ఉపాయం చెప్పాడు. "మా క్వారీ గుంటలో కాల్చుకుంటే ఎవరికి తెలుస్తుంది అంకుల్? చుట్టూ రాయే కదా!" చుట్టూ రాయి కాబట్టే కాల్చకూడదు. గ్రానైట్‌కి తగిలిన గుండు ఎటు తిరిగొస్తుందో దేవుడికే తెలియాలి. చిన్న .22 తూటా పెట్టె మీదే మైలు పైచిలుకు దూరం వరకు ప్రమాదమని రాసి ఉంటుంది. .30-06 గుండు మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. నెల్లూరు వైపు చూస్తే ఊరు దాటగానే సముద్రం దాకా బల్లపరుపు వరిచేలు. గుండుని ఆపే గట్టు ఒక్కటీ లేదు. తూటా తుపాకీ కాల్చాల్సింది లైసెన్సు ఉన్న రేంజిలోనే.

అడవిపందులు చేలు పాడుచేస్తున్నాయని, పూరేడు పిట్టలని, కౌజులని వంకలు పెట్టేవాళ్ళకు ఒకటే మాట. 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. తుపాకీకి లైసెన్సు ఉంటే వేటకు లైసెన్సు ఉన్నట్టు కాదు. ఎయిర్ గన్‌తో పిట్టని కొట్టినా కేసే.

ఇక డాలస్ కథ

రాత్రి పదకొండింటికి ఫోను. "మావా, ఇక్కడ షాపులో క్రీడ్‌మూర్ తీసుకోమంటున్నారు. .308 పాతబడిపోయిందంటున్నారు."

"నీ వీసా ఏందిరా?" అన్నా.

"దానికీ దీనికీ సంబంధం ఏంటి మావా?"

ఉంది. హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అక్కడ మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అది అక్కడి ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే వర్తిస్తుంది. మనవాళ్ళు శనివారం సరదాగా పోయి ఫోటోలు పెట్టుకుంటారు, గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుండగా. సిటిజన్ స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం కూడా నేరమే. మావాడికి అప్పటికే గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి సరే, ముందుకు పోయాం.

వాడి ముందున్నవి నాలుగు: .22, .223 రెమింగ్టన్, .308, 6.5 క్రీడ్‌మూర్. ఇక్కడ చట్టం అడ్డురాదు, కాబట్టి నిజంగా పోల్చాలి.

6.5 క్రీడ్‌మూర్ 2007లో హార్నడీ కంపెనీ తెచ్చింది, కాగితం మీద దూరం కొట్టేవాళ్ళ కోసమే. గుండు సన్నగా పొడవుగా ఉంటుంది, గాలిని చీల్చుకుపోతుంది. 500 గజాల దగ్గర గంటకు పది మైళ్ళ అడ్డగాలికి .308లో మామూలు 168 గ్రెయిన్ల మ్యాచ్ గుండు మూరెడు పైన పక్కకు పోతే, 6.5 గుండు దానికన్నా జానెడు తక్కువ పోతుంది. వెయ్యి గజాలకు చేరేసరికి ఆ 168 గ్రెయిన్ల గుండు ధ్వని వేగం దగ్గరికి పడిపోయి తడబడుతుంది. అందుకే అంత దూరానికి 175 గ్రెయిన్లది వాడతారు. తన్ను కూడా 6.5కే తక్కువ. షాపువాడు చెప్పింది అబద్ధం కాదు.

.308 పక్షాన చెప్పాలంటే బారెల్ ఆయుష్షు. అయిదు వేల తూటాలు దాటినా గురి నిలబడుతుంది. 6.5 బారెల్ రెండున్నర, మూడు వేలకు అరగడం మొదలుపెడుతుంది. ఇది విని మావాడు .308 వైపు మొగ్గాడు. ఆగమని లెక్క వేయించాను. మ్యాచ్ తూటా ఒక్కోటి సుమారు ఒకటిన్నర డాలరు. రెండున్నర వేల తూటాలంటే 3,750 డాలర్లు. రైఫిలేమో 550. బారెల్ అరిగేలోపు తూటాలకు ఆరేడు రైఫిళ్ళ డబ్బు పోస్తాడు. అంత కాల్చినవాడికి కొత్త బారెల్ ఖర్చు ఒక లెక్కా? అంత కాల్చనివాడి బారెల్ అరగనే అరగదు.

.223ని జనం చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఇష్టం. తూటా పెద్దవాటికన్నా చవక, తన్ను దాదాపు లేనట్టే. ఒక్క షరతు: బారెల్ ట్విస్టు (లోపలి గాడుల మెలిక) చూసి కొనాలి. ఎనిమిది అంగుళాలకో ఏడు అంగుళాలకో ఒక చుట్టు తిరిగే బారెల్ అయితేనే 75, 77 గ్రెయిన్ల పొడవు గుండ్లు తిన్నగా పోతాయి. చవకలో అమ్మే కొన్నిటికి పన్నెండు అంగుళాల ట్విస్టు ఉంటుంది. అవి తేలిక గుండ్లకే పనికొస్తాయి. సరైన ట్విస్టు ఉంటే 600 గజాల దాకా ఢోకా లేదు.

"నీ దగ్గర్లో రేంజి ఎంత దూరం?" అని అడిగాను. కాసేపు చూసి, "ఇంటికి దగ్గర్లోది 100 గజాలు మావా. 600ది పోవాలంటే రెండు గంటల డ్రైవు" అన్నాడు.

అక్కడితో తేలిపోయింది. 100 గజాల రేంజిలో క్రీడ్‌మూర్ కాల్చడమంటే ఒంగోలు ట్రంకు రోడ్డు రద్దీలో రేసు కారు తోలడమే. బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాకీ చేత్తో బోల్టు లాగే రకం) .22 ఒకటి తీసుకోమన్నాను. సీజెడ్ 457, టిక్కా టీ1ఎక్స్ లాంటివి. రెండున్నర వేల తూటాలు మూడు నాలుగు వందల డాలర్లలో అయిపోతాయి. ఏడాదయ్యాక నెలకొకసారైనా ఆ రెండు గంటల డ్రైవు చేసే ఓపిక ఉందనిపిస్తే, అప్పుడు 6.5. రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ 500 డాలర్ల చుట్టుపక్కల. సావేజ్‌లో సర్దుకునే ట్రిగ్గర్ ఉన్న రకం చూసుకోవాలి. ఇంకొంచెం పెట్టగలిగితే ఫిన్లాండు టిక్కా టీ3ఎక్స్. నా చేత్తో పట్టుకున్నవాటిలో బోల్టు వెన్నలా జరిగేది అదే. 600 గజాల దాకా చాలనుకుంటే .223. .308 మాత్రం ఇంట్లో ఎవరో ఒకరిది ఊరికే పడి ఉంటేనే.

స్కోపు, ఉప్పుగాలి

చవక రైఫిల్ మీద చవక స్కోపు పెడితే, గురి ఎందుకు తప్పిందో ఎన్నటికీ తెలియదు. రైఫిల్ ధరలో సగమైనా స్కోపుకి ఉంచుకోవాలి. మొదట్లో నేనొక ఊళ్ళో ఒక దుకాణంలో స్ప్రింగు రైఫిల్‌కని స్కోపు కొన్నాను. పైకి చూడ్డానికి దర్జాగా ఉంది. రెండు వందల పెల్లెట్లు కూడా కాల్చకముందే లోపలి గీతలు వంకరపోయాయి. స్ప్రింగు రైఫిల్ కుదుపు రెండు వైపులా ఉంటుంది. మామూలు స్కోపులు ఒక వైపు తన్నుకే చేస్తారు. దుకాణదారు "మీరు గట్టిగా కాల్చారు సార్" అన్నాడు. గట్టిగా కాల్చడమంటే ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. స్ప్రింగు రైఫిల్‌కి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్న స్కోపే కొనండి.

స్కోపు మీది మర తిప్పితే వచ్చే క్లిక్కుల లెక్క కూడా తెలిసుండాలి. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు. పావు ఎంఓఏ క్లిక్కయితే ఒక్కో క్లిక్కుకు ఏడు మిల్లీమీటర్లు జరుగుతుంది. అదే 50 మీటర్ల దగ్గర అందులో సగం. ఈ లెక్క నోటికి వస్తే అట్ట మీద చిల్లు చూసి ఎన్ని క్లిక్కులు తిప్పాలో వెంటనే చెప్పొచ్చు.

మన తీరం వాళ్ళకు ఇంకో శత్రువు ఉప్పుగాలి. ఒంగోలు, కొత్తపట్నం, సింగరాయకొండ, కావలి, ఈ వరసలో ఇనుము ఏదైనా వారంలో ఎర్రబడుతుంది. చెమట చేతితో బారెల్ పట్టుకుంటే మర్నాటికి వేలిముద్ర తుప్పుగా కనిపిస్తుంది. గుడ్డకి గన్ ఆయిల్ అద్ది తుడవాలి, కొబ్బరినూనె కాదు, అది పేరుకుపోతుంది. కొత్త రైఫిల్‌తో వచ్చే నురుగు పెట్టెలో దాచొద్దు, నురుగు తేమ పట్టి ఉంచుతుంది. గుడ్డ సంచి, తాళం వేసిన బీరువా, నాలుగు సిలికా జెల్ ప్యాకెట్లు. నవంబరు, డిసెంబరు తుపాను రోజుల్లో ఆ ప్యాకెట్లు వారానికోసారి మార్చాలి. మే నెలలో తూటాలు కారులో వదిలేస్తే వేడికి మందు ఒత్తిడి పెరుగుతుంది, అదే తూటా ఎత్తుగా కొడుతుంది. ఇది డాలస్ ఎండకీ వర్తిస్తుంది.

మన వీధి అబ్బాయి చివరికి స్ప్రింగు ఎయిర్ రైఫిలే తీసుకున్నాడు. హాలు ఈ చివర నుంచి వంటింటి గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే పది మీటర్లకు రెండడుగులు తక్కువ వచ్చింది, వరండా తలుపు తీసి సరిపెట్టాడు. వాళ్ళమ్మ రాత్రి తొమ్మిది తర్వాతే కాల్చాలని, అట్ట వెనక ఇసుక పెట్టె పెట్టాలని, తలుపు గడియ వెయ్యాలని షరతులు పెట్టింది. రోజుకు నలభై పెల్లెట్లు. మొన్న కాగితం తెచ్చి చూపించాడు. గుంపు రూపాయి బిళ్ళంత ఉంది, కానీ మధ్యకు కుడివైపు. వాడు స్కోపు తిప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు ఎడమ మోచేయి ఎక్కడ ఆనిస్తున్నాడో చూపించమన్నాను.